పేరు రాయని డబ్బా సైట్‌లో ఉంచనివ్వరు, మరి బ్యాలెట్ మీద పార్టీ పేరు వద్దంటే ఎట్లా?



ఈ పోస్టు వీసాల గురించి కాదు, జీతాల గురించి కాదు. ఓటు కాగితం గురించి. కొంచెం పెద్దగానే ఉంటది, ఓపిక చేసుకుని చదవండి. మాతో ఒప్పుకోకపోయినా పర్వాలేదు, ఎందుకు ఒప్పుకోవట్లేదో కింద రాయండి.

ప్రశ్న ఇది. బ్యాలెట్ పేపర్ మీద అభ్యర్థి పేరు పక్కన పార్టీ పేరు అచ్చు వేస్తే ఓటరుకు మేలా, కీడా? మా సైట్‌లో తెలుగోళ్ళ మధ్య దీని మీద వాదన ఎప్పుడూ నడుస్తనే ఉంటది. కొంతమంది "పార్టీ పేరు తీసెయ్యాలె. అది కనబడంగనే మనిషి బుర్ర పనిచెయ్యదు, నిలబడ్డోడు మంచోడా దొంగోడా అని చూడడు" అంటారు. మాట మంచిగానే వినబడుతది. కానీ మేము దానికి ఒప్పుకోం. ఎందుకు ఒప్పుకోమో వరుసగా చెప్తాం.

మేము చదివింది పదో తరగతి దాకే. నల్లగొండ దిక్కు నుంచి గల్ఫ్‌కు, గల్ఫ్ నుంచి మెల్‌బోర్న్‌కు వచ్చినోళ్ళం. సెంట్రింగ్ పనితో మొదలుపెట్టి ఇప్పుడు పది మందితో పని చేయించే కాడికి వచ్చాం. రాజకీయ శాస్త్రం మాకు రాదు. కానీ లేబుల్ అంటే ఏందో రోజూ చూస్తాం.

ఇక్కడి సైట్లలో రూలు ఒకటుంది. పెద్ద డ్రమ్ములో నుంచి థిన్నర్ చిన్న డబ్బాలో పోసి పక్కన పెడితే, ఆ చిన్న డబ్బా మీద కూడా అందులో ఏముందో రాసిపెట్టాలి. ఎందుకంటే ఎవడో ఒకడు మంచినీళ్ళ సీసాలో పోసి మూల పెడతాడు. పోసినోడికి అందులో ఏముందో తెలుసు. వాడికి ప్రమాదం లేదు. ప్రమాదం తెలియక ఎత్తి తాగినోడికి. లేబుల్ రాయకపోతే అందులో ఉన్నది మారిపోదు. తెలిసినోడికి తెలిసే ఉంటది, తెలియనోడు మోసపోతాడు. ఓటు కాగితం కూడా అంతే అని మేము అంటున్నాం.

ముందు మన ఊరి సంగతి చూద్దాం. పార్టీ పేరు వద్దనేటోళ్ళు మొదట చెప్పేది మన పంచాయతీ ఎన్నికల గురించే. తెలంగాణలోనైనా ఆంధ్రలోనైనా సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరగదు. ఉంగరం, కత్తెర, బ్యాటు లాంటి గుర్తులు ఇస్తారు. బ్యాలెట్ మీద అభ్యర్థి పేరు కూడా ఉండదు, గుర్తు ఒక్కటే. తెలంగాణలో సర్పంచ్‌కు గులాబీ రంగు కాగితం, వార్డు మెంబరుకు తెల్ల కాగితం. పోయిన 2025 డిసెంబర్‌లో మూడు విడతల్లో జరిగినయి కూడా ఇట్లనే. "చూశారా, మన ఊర్లో పార్టీ లేకుండనే నడుస్తలేదా?" అంటారు.

నడుస్తది. కానీ పార్టీ లేకుండా నడుస్తదా? ఊర్లో ఎవరి మెడలో ఏ కండువా ఉందో చిన్న పిల్లగాడిని అడిగినా చెప్తాడు. ఫలితాలు వచ్చిన రాత్రే "మా మద్దతుదారులు ఇన్ని ఊర్లు గెలిచిండ్రు" అని ప్రతి పార్టీ లెక్కలు చెప్తది. కాగితం మీద లేకపోయినా పార్టీ ఊరంతా ఉంది. ఊర్లో అది చెల్లుబాటు అయితది, ఎందుకంటే మూడు వందల గడపల ఊర్లో ప్రతి మనిషి ప్రతి మనిషికి తెలుసు. సర్పంచ్‌గా నిలబడ్డోడి తాత ఎవరో, వాడు ఎవరి భూమి గట్టు జరిపిండో కూడా తెలుసు. అక్కడ లేబుల్ మన తలకాయలోనే ఉంటది.

ఇప్పుడు మెల్‌బోర్న్ పడమటి దిక్కుకు రండి. టార్నీట్, ట్రుగనైనా. నాలుగేండ్ల కింద గడ్డి మైదానం, ఇప్పుడు వీధులకు వీధులు ఇండ్లు. ఆ ఇండ్లు కట్టింది మనోళ్ళు, కొన్నది మనోళ్ళు. కానీ పక్కింటోడి పేరు తెలియదు. పొద్దున ఐదున్నరకు బండి తీస్తే సాయంత్రం చీకటి పడ్డంక వస్తాం. కౌన్సిల్ ఎన్నికలు వస్తే ఓటు కాగితం పోస్టులో ఇంటికే వస్తది. విక్టోరియాలో 2024 అక్టోబర్‌లో జరిగిన కౌన్సిల్ ఎన్నికలు అన్నీ పోస్టు మీదనే జరిగినయి. ఆ కాగితం మీద పేర్లు మాత్రమే ఉంటాయి. పార్టీ పేరు ఉండదు. మెల్‌బోర్న్ సిటీ కౌన్సిల్‌లో గ్రూపు పేర్లు ఉంటాయి, దాని సంగతి వేరు. మిగతా చోట్ల ఒట్టి పేర్లే. కాగితంతో పాటు ఒక చిన్న పుస్తకం వస్తది. అందులో ఫొటో, నాలుగు మాటలు. అందరూ రాసేది ఒకటే: రోడ్లు బాగు చేస్తాం, పార్కులు తెస్తాం, కుటుంబాల కోసం పనిచేస్తాం. ఎవరు మాత్రం రోడ్లు పాడు చేస్తామని రాస్తారు?

అప్పుడు మనం ఏం చేస్తున్నాం? నిజం మాట్లాడుకుందాం. ఇంటిపేరు చూస్తున్నాం. మనోడి పేరు లాగ వినబడితే ఒకటి వేస్తున్నాం. తర్వాత పంజాబీ పేరా, తమిళ పేరా, వియత్నాం పేరా, తెల్లోళ్ళ పేరా అని చూసి నంబర్లు వేస్తున్నాం. వాళ్ళూ అంతే చేస్తున్నారు. పార్టీ లేబుల్ తీసేస్తే మనిషిని చూస్తారని చెప్పినోళ్ళు ఇది గమనించాలి. పార్టీ లేబుల్ పోతే ఆ జాగాలో మనిషి రాడు, కులం వస్తది, ఇంటిపేరు వస్తది, దేశం వస్తది. ఆ లేబుల్ పార్టీ లేబుల్ కన్నా చెడ్డది. పార్టీ పేరు కనీసం ఆ మనిషి ఏ విధానం దిక్కు ఉన్నాడో చెప్తది. ఇంటిపేరు ఏమీ చెప్పదు.

ఇది మా ఊహ కాదు, ఈ దేశంలో జరిగిన సంగతి. ఆస్ట్రేలియాలో ఫెడరల్ బ్యాలెట్ మీద పార్టీ పేర్లు మొదటి నుంచీ లేవు. 1983లో చట్టం మార్చి, 1984 డిసెంబర్ 1న జరిగిన ఎన్నికల నుంచి అచ్చు వేయడం మొదలుపెట్టారు. అంతకు ముందు ఒట్టి పేర్లే. మరి అప్పుడు జనం మనిషిని చూసి ఓటేశారా?

1937లో న్యూ సౌత్ వేల్స్ సెనేట్ ఎన్నిక సంగతి వినండి. అప్పట్లో బ్యాలెట్ మీద వరుస ఇంగ్లీషు అక్షర క్రమం చూసుకుని ఉండేది. లేబర్ పార్టీ ఏం చేసిందంటే, ఆమూర్, ఆర్మ్‌స్ట్రాంగ్, ఆర్థర్, ఆష్లీ అని నలుగురినీ ఇంగ్లీషు మొదటి అక్షరం వాళ్ళనే నిలబెట్టింది. నలుగురూ గెలిచారు. పై నుంచి కిందికి ఒకటి, రెండు, మూడు అని వేసుకుంటూ పోయే ఓటును ఇక్కడ గాడిద ఓటు అంటారు. ఆ దెబ్బతో 1940లో సెనేట్ వరుసను చీటీలు తీసి నిర్ణయించే పద్ధతి తెచ్చారు. ప్రతినిధుల సభకు మాత్రం 1984 దాకా అక్షర క్రమమే నడిచింది.

ఇంకో సంగతి. కాగితం మీద పార్టీ పేరు లేని రోజుల్లో ఓటరు తన పార్టీ మనిషి ఎవరో ఎట్ల తెలుసుకునేటోడు? బూతు గేటు దగ్గర పార్టీ కార్యకర్త ఒక చీటీ చేతిలో పెట్టేటోడు. హౌ టు వోట్ కార్డు. అందులో ఎవరికి ఏ నంబరు వేయాలో అచ్చు వేసి ఉంటది. అది చూసి దించుకోవాలి. అంటే కాగితం మీద పార్టీ పేరు లేకపోతే ఓటరుకు పార్టీ నుంచి విడుదల రాలేదు. గేటు దగ్గర నిలబడ్డ కార్యకర్త మీద ఇంకా ఎక్కువ ఆధారపడ్డాడు. చీటీ లేకపోతే లోపలికి పోయి బిక్కమొగం వేసేటోడు. పార్టీ పేరు కాగితం ఎక్కినంక ఆ చీటీ చేతికి తీసుకోకపోయినా పని నడుస్తది. మా లెక్కలో ఇది ఓటరుకు దొరికిన స్వేచ్ఛ.

మన దేశంలో గుర్తులు పుట్టింది కూడా ఇందుకే. 1951 లెక్కల్లో చదువు వచ్చినోళ్ళు నూటికి పద్ధెనిమిది మందే. అట్లాంటి దేశంలో 1951-52లో మొదటి ఎన్నికలు పెట్టినప్పుడు ఒక్కో అభ్యర్థికి ఒక్కో డబ్బా పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. చదువు రాని అమ్మ కూడా తన ఓటు తానే వేసుకుంది, పక్కోడిని అడగకుండా. ఆ గుర్తు ఆమెను మూర్ఖురాలిని చేయలేదు. ఆమె గౌరవం నిలబెట్టింది. ఇప్పుడు ఇంగ్లీషు దేశంలో మనమే ఆ స్థితిలో ఉన్నాం. ఇంగ్లీషులో అచ్చయిన పాలసీ పేపర్లు మనలో ఎంతమంది చదువుతున్నాం? పార్టీ పేరు ఒక్కటి గుర్తు పట్టగలుగుతాం. అది కూడా తీసేస్తే మనం ఎవరి దగ్గరికి పోవాలి? అసోసియేషన్ పెద్దమనిషి దగ్గరికి. ఆయన ఏ మూలకు చెయ్యి చూపిస్తే ఆ మూలకు పోవాలి.

ఇంత చెప్పినా, "మనిషి మంచోడైతే చాలు, పార్టీ ఎందుకు" అనే మాట మిగులుతది. దీనికి మా పని నుంచే ఉదాహరణ చెప్తాం.

కట్టుబడి పని మీద నిఘా పెట్టడానికి ఏబీసీసీ అని ఒక కమిషన్ ఉండేది. 2005లో హోవర్డ్ ప్రభుత్వం పెట్టింది. 2012లో లేబర్ ప్రభుత్వం తీసేసి వేరే సంస్థను పెట్టింది. 2016లో టర్న్‌బుల్ ప్రభుత్వం మళ్ళీ తెచ్చింది. ఆ బిల్లును సెనేట్ ఆపినందుకే ఆ ఏడు రెండు సభలనూ పూర్తిగా రద్దు చేసి ఎన్నికలకు పోయారు. 2023 ఫిబ్రవరిలో లేబర్ మళ్ళీ రద్దు చేసింది. యూనియన్‌కు ముకుతాడు వేయాలంటే అది ఉండాలని కొందరు, కూలోడి నోరు నొక్కడానికే అది పుట్టిందని కొందరు. మా సైట్‌లో కూడా రెండు మాటలూ వినబడతాయి. ఎవరిది రైటు అన్నది ఇక్కడ వదిలేద్దాం. మేము అడిగేది ఒక్కటే. పద్దెనిమిదేండ్లలో రెండుసార్లు పెట్టి రెండుసార్లు తీసేశారు కదా, ఆ ఓటింగులలో ఎంపీ మంచోడా కాదా అన్నది లెక్కకు వచ్చిందా? పార్టీ ఎటు చెప్తే అటు లేచి నిలబడ్డారు. పక్కింటోడికి పాలు పోసే మంచి మనిషి అయినా, కుక్కను తన్నే కోపిష్టి అయినా, పార్లమెంటులో ఓటు పార్టీ దిక్కే పడుతది. ముఖ్యంగా లేబర్‌లో పార్టీకి ఎదురు ఓటేస్తే బయటికి పోయే పరిస్థితే. అట్లాంటప్పుడు మన జీతాన్ని, మన భద్రతను తేల్చే ఆ ఒక్క ముక్క సమాచారం కాగితం మీద దాచిపెడితే ఓటరుకు మేలు ఎట్ల అయితది?

అయితే లేబుల్ ఉంటే చాలు, అంతా బాగున్నట్టే అని మేము అనట్లేదు. లేబుల్ ఓటరును ముంచిన సందర్భాలు కూడా ఉన్నాయి. వాటిని దాచిపెట్టి వాదించడం మాకు ఇష్టం లేదు.

మొదటిది, దొంగ లేబుల్, అంటే ఒకదాని లాగ ఇంకొకటి ఉండడం. ఇది మనోళ్ళకు బాగా తెలుసు. మన ఈవీఎం మీద పార్టీ పేరు ఉండదు. అభ్యర్థి పేరు, 2015 నుంచి ఫొటో, గుర్తు, అంతే. గుర్తు ఒక్కటి తప్పు చూస్తే ఓటు పోయినట్టే. 2019లో మా భువనగిరి లోక్‌సభ సీటు టీఆర్ఎస్ ఐదు వేల చిల్లర ఓట్లతో పోగొట్టుకుంది. అక్కడ రోడ్డు రోలర్ గుర్తుకు పాతిక వేలు దాటి ఓట్లు పడ్డాయి. మా కారు అనుకుని దాని మీద నొక్కిండ్రని ఆ పార్టీ మొత్తుకుంది. 2022 మునుగోడు ఉప ఎన్నికలో మళ్ళీ అదే రోడ్డు రోలర్ పంచాయితీ. ఒక అభ్యర్థికి ఇచ్చిన ఆ గుర్తును మార్చినందుకు రిటర్నింగ్ అధికారినే ఎన్నికల సంఘం తప్పించింది.

ఇక్కడ కూడా జరిగింది. 2013లో న్యూ సౌత్ వేల్స్ సెనేట్ కాగితం మీటరు పొడుగు. నూట పది మంది అభ్యర్థులు. అక్షరాలు కనబడవని ఎన్నికల కమిషన్ భూతద్దం అట్టలు ఇచ్చింది. చీటీలలో మొదటి గడి లిబరల్ డెమొక్రాట్స్ అనే చిన్న పార్టీకి వచ్చింది. అసలు లిబరల్ పార్టీ ఎక్కడో దూరంగా ఉంది. ఆ చిన్న పార్టీకి తొమ్మిదిన్నర శాతం ఓట్లు పడ్డాయి, డేవిడ్ లియన్‌హెల్మ్ సెనేటర్ అయ్యాడు. అదే పార్టీకి అంతకు ముందు 2010లో రెండు శాతం చిల్లర, తర్వాత 2016లో మూడు శాతం. మధ్యలో ఆ తొమ్మిదిన్నర ఎక్కడి నుంచి వచ్చిందో మీరే ఆలోచించండి.

దానికి మందు ఏం వేశారు? లేబుల్ తీసేయలేదు. ఇంకా స్పష్టంగా చేశారు. 2016 నుంచి పార్టీ లోగో కూడా కాగితం మీద వేయనిచ్చారు. 2021లో చట్టం తెచ్చి, ముందే నమోదైన పార్టీ పేరులోని ముఖ్యమైన మాటను తర్వాత వచ్చిన పార్టీ వాడుకోకుండా చేశారు. దాని మీద కేసు హైకోర్టుకు పోయింది. 2022లో ఏడుగురు జడ్జీలలో నలుగురు చట్టం చెల్లుతదన్నారు, ముగ్గురు చెల్లదన్నారు. ఆ ముగ్గురి దిక్కు కూడా ఆలోచించాల్సిన మాట ఉంది. లిబరల్ అనే మాట ఒక పార్టీ సొంత ఆస్తా? పెద్ద కంపెనీ "సిమెంటు" అనే మాట మీదనే హక్కు అడిగితే ఒప్పుకుంటామా? ఒప్పుకోం. కానీ మూటలు ఒకే రంగులో, ఒకే రాతతో అమ్మితే కొనేటోడు మోసపోతాడు కూడా. ఆ గీత ఎక్కడ గీయాలన్నది జడ్జీలకే కష్టమైంది. లేబుల్ పూర్తిగా తీసేయాలని మాత్రం ఏ దిక్కు వాళ్ళూ అనలేదు.

రెండోది, లేబుల్ మీద టిక్కు పెడితే మన ఓటును వేరే చోటికి మోసుకుపోవడం. 1984లోనే సెనేట్ కాగితానికి గీత పైన ఒకటి వేస్తే చాలనే పద్ధతి వచ్చింది. ఒక్క గడిలో ఒకటి వేస్తే, మిగతా నంబర్లన్నీ పార్టీ ముందే రాసిచ్చిన పట్టిక ప్రకారం పోతాయి. ఆ పట్టిక ఎంతమంది చదివారు? చిన్న పార్టీలు కూడబలుక్కుని ఒకరి ఓట్లు ఒకరికి మళ్ళించుకున్నాయి. 2013లో విక్టోరియాలో మోటారు బండ్ల ప్రియుల పార్టీ తరఫున రికీ మ్యూర్ సెనేటర్ అయ్యాడు. ఆ పార్టీకి పడ్డ మొదటి ఓట్లు అర శాతం, 0.51. ఆయన మీద మాకు కోపం లేదు. పద్ధతి మీదనే. ఫెడరల్‌లో 2016లో ఆ పట్టికలు తీసేశారు. ఇప్పుడు గీత పైన కనీసం ఆరు గడులు మనమే నింపాలి. కానీ మన విక్టోరియా రాష్ట్రంలో పై సభకు 2022 ఎన్నికల్లో కూడా పాత పద్ధతే నడిచింది. అప్పుడు గీత కింద కనీసం ఐదు నంబర్లు వేసినోడి ఓటు మాత్రమే వాడి చేతిలో ఉంది. ఇది కూడా లేబుల్ తప్పు కాదు. లేబుల్ వెనక మనకు తెలియకుండా కట్టిన పైపు తప్పు.

మూడోది, గెలిచినంక లేబుల్ పీకేయడం. మా తెలంగాణలో ఒక గుర్తు మీద గెలిచి వేరే కండువా కప్పుకోవడం చూసి చూసి కళ్ళు అలిసిపోయినయి. ఫిరాయింపుల చట్టం 1985 నుంచి ఉంది, అయినా 2023లో బీఆర్ఎస్ మీద గెలిచిన పది మంది ఎమ్మెల్యేల సంగతి సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆస్ట్రేలియాలో అట్లాంటి చట్టమే లేదు. 2024 జులైలో ఫాతిమా పేమన్ లేబర్ వదిలి స్వతంత్ర సెనేటర్‌గా కూర్చున్నారు. 2025 జూన్‌లో డొరిండా కాక్స్ గ్రీన్స్ వదిలి లేబర్‌లోకి పోయారు. ఒకరిది మనస్సాక్షి అనొచ్చు, ఇంకొకరిది వేరే అనొచ్చు, ఎవరి అభిప్రాయం వారిది. కానీ గీత పైన పార్టీ పేరు చూసి నంబరు వేసిన ఓటరుకు ఆ తర్వాత నోరు లేదు. లేబుల్ అచ్చు వేసి ఓటు అడిగినప్పుడు, అది మారితే ఓటరుకు జవాబు చెప్పే దారి ఒకటి ఉండాలి. ఈ మాట మేము గట్టిగా అంటాం.

నాలుగోది, లేబుల్‌ను చూసి కండ్లు మూసుకోవడం. దీనికి మందు చట్టంలో లేదు, మన చేతిలో ఉంది. 2022లో పడమటి సిడ్నీలోని ఫౌలర్ సీటు చూడండి. కబ్రమట్టా ఉండే సీటు, మన లాగ బయటి దేశాల నుంచి వచ్చినోళ్ళే ఎక్కువ. 1984లో ఆ సీటు పుట్టినప్పటి నుంచి లేబర్‌దే. ఆ ధీమాతో పార్టీ, సముద్రం దిక్కు నార్తర్న్ బీచెస్‌లో ఉండే పెద్ద నాయకురాలు క్రిస్టినా కెనీలీని తెచ్చి నిలబెట్టింది. జనం ఆ ఊరి మనిషి, వియత్నాం నుంచి కాందిశీకురాలిగా వచ్చిన డై లే అనే స్వతంత్ర అభ్యర్థిని గెలిపించారు. 2025లో మళ్ళీ గెలిపించారు. కాగితం మీద లేబర్ అనే పేరు స్పష్టంగా అచ్చు వేసే ఉంది. అయినా జనం బుర్ర పనిచేసింది. "పార్టీ పేరు కనబడితే మనిషిని చూడరు" అనేటోళ్ళకు ఇంతకన్నా జవాబు ఏముంటది?

పార్టీనీ మనిషినీ రెండింటినీ చూసే పద్ధతి కూడా ఈ దేశంలోనే ఉంది. టాస్మేనియా అసెంబ్లీ కాగితం మీద పార్టీకి ఒక వరుస, ఆ వరుస కింద ఆ పార్టీ వాళ్ళు చాలా మంది. ఏ పార్టీలో ఏ మనిషి అన్నది ఓటరే నంబర్లు వేసి తేలుస్తాడు. 1980 నుంచి ఇంకో మంచి పని చేశారు. పేర్ల వరుసను కాగితం కాగితానికి మార్చి అచ్చు వేస్తారు. మీ కాగితంలో పైన ఉన్న పేరు నా కాగితంలో కింద ఉంటది. గాడిద ఓటు ఎవరికీ పనికిరాదు. పోలింగ్ రోజు బూతు దగ్గర చీటీలు పంచడం కూడా అక్కడ లేదు. లేబుల్ ఉంది, మనిషిని ఎంచుకునే హక్కు ఉంది, గేటు దగ్గర చెవి కొరికేటోడు లేడు. పార్టీ పేరు తీసేయాలని కొట్లాడే బదులు ఇట్లాంటి కాగితం కోసం కొట్లాడితే అర్థం ఉంది.

ఇక కౌన్సిల్ సంగతి. కౌన్సిల్‌లో పార్టీ విప్ పార్లమెంటులో ఉన్నంత గట్టిగా ఉండదు, అది ఒప్పుకుంటాం. చెత్త డబ్బా ఎప్పుడు తీయాలి అన్నదానికి పార్టీ అక్కర లేదు. కానీ ఎక్కడ ఎన్ని ఇండ్లకు అనుమతి, రేట్లు ఎంత, ఏ రోడ్డుకు ముందు డబ్బు అన్నవాటిలో రాజకీయం ఉంది. న్యూ సౌత్ వేల్స్‌లో నమోదైన పార్టీ తరఫున నిలబడితే కౌన్సిల్ కాగితం మీద ఆ పేరు వేస్తారు. అక్కడ ఆకాశం విరిగి పడలేదు. విక్టోరియాలో కూడా వేయాలి. పార్టీ నిలబెట్టినోడికి పార్టీ పేరు, ఎవరూ నిలబెట్టనోడికి స్వతంత్ర అభ్యర్థి అని. పార్టీ సభ్యుడై ఉండి, పార్టీ జనంతోనే ప్రచారం చేయించుకుని, కాగితం మీద మాత్రం ఊరి మంచి మనిషి లాగ కనబడితే అది మంచినీళ్ళ సీసాలో పోసిన థిన్నరే.

చివరగా మా పనిలో ఇంకో లేబుల్ సంగతి చెప్పి ముగిస్తాం. సైట్‌లో ప్రతి కరెంటు వైరుకు మూడు నెలలకు ఒకసారి పరీక్ష చేసి ట్యాగు కడతారు. రంగు చూస్తే ఈ మూడు నెలల్లో పరీక్ష అయిందో లేదో తెలుస్తది. ట్యాగు లేని వైరు ప్లగ్గులో పెట్టనివ్వం. కానీ ట్యాగు ఉంది కదా అని వైరు చూడకుండా కూడా పెట్టనివ్వం. నిన్న సాయంత్రం దాని మీద నుంచి ఫోర్క్‌లిఫ్ట్ పోయి ఉండొచ్చు, తోలు చినిగి రాగి బయటికి వచ్చి ఉండొచ్చు. ట్యాగు మొదటి మాట. చేత్తో తడిమి చూసుకోవడం రెండో మాట. మొదటి మాట లేకుండా చేస్తే రెండో మాట దానంతట అది రాదు.

కాబట్టి మనోళ్ళకు మా విన్నపం. మీకు పౌరసత్వం ఉంటే ఓటు కాగితం ఇంటికి రాకముందే మీ ఏరియాలో ఎవరు నిలబడ్డారో ఒక పది నిమిషాలు చూడండి. మన పని మీద, మన జీతం మీద, మన తల్లిదండ్రుల వీసా మీద ఆ పార్టీ ఇంతకు ముందు పార్లమెంటులో ఎటు ఓటేసిందో చూడండి. ఆ మనిషి ఆ ఏరియాలో ఉంటాడా, ఎన్నికలప్పుడే కనబడ్డాడా అడగండి. చీటీ ఇస్తే తీసుకోండి, కానీ దించకండి, మీ నంబర్లు మీరే వేయండి. ఒకటి నుంచి చివరి దాకా అన్నీ నింపండి, ఒక్క గడి వదిలితే ఓటు చెల్లకపోవచ్చు. ఇంటిపేరు చూసి మాత్రం వేయకండి.

ఓటు హక్కు ఇంకా రాని తమ్ముళ్ళు కూడా ఇప్పటి నుంచే తెలుసుకోండి. రేపు మీ చేతికి కాగితం వచ్చినప్పుడు ఏం చేయాలో పక్కోడిని అడిగే పరిస్థితి రావొద్దు.

ఉంటాం మరి. పొద్దున ఏడు గంటలకు కాంక్రీటు పోయాలి.